షిఫ్టు డ్యూటీ, ఇల్లు, సంఘం: వీటి మధ్య దేవునికి మొదటి స్థానం ఎలా ఇవ్వాలి?

అడిగినవారు: గాజువాక విశ్వాసి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ప్లాంటులో కొలిమి దగ్గర మూడు షిఫ్టులు తిరిగే ఉద్యోగం నాది. 'ఏ' షిఫ్టు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2, బి షిఫ్టు 2 నుంచి రాత్రి 10, సి షిఫ్టు 10 నుంచి ఉదయం 6. వారం సెలవు ఆదివారమే పడుతుందన్న నమ్మకం లేదు. ఇంట్లో భార్య (స్కూల్లో టీచరు), ఇద్దరు పిల్లలు, పక్షవాతంతో మంచం పట్టిన అమ్మ ఉన్నారు.

చర్చికి వెళ్తున్నాను, పాటలు పాడుతున్నాను, కానుక వేస్తున్నాను. మనసు మాత్రం అక్కడ ఉండడం లేదు. నైట్ డ్యూటీ దిగి వెళ్తే వాక్యం మొదలవగానే కునుకు పడుతోంది. షిఫ్టు మారినప్పుడల్లా ప్రార్థన వేళ చెదిరిపోతోంది. మరోపక్క, దేవునికి మొదటి స్థానం ఇచ్చేవాళ్లు ఏ కూడికా మానకూడదని సంఘంలో పెద్దలు అంటున్నారు. మంగళవారం గృహ కూడిక, బుధవారం బైబిల్ స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం కాయిర్ (పాటల బృందం) ప్రాక్టీసు ఉంటాయి. ఇక ఇంట్లో ఎప్పుడుంటారని భార్య అడుగుతోంది. దశమ భాగం (దేవునికిచ్చే పదో వంతు) మొత్తం జీతం మీద తీయాలా, చేతికొచ్చేదాని మీదా? ఇంటి లోను ఉంది, అమ్మ మందులున్నాయి. చేయగలిగినవి వివరంగా చెప్పండి.

కూర్మన్నపాలెం పెద్దన్న:

వందనాలు బ్రదర్. ముందు షిఫ్టు సంగతి తేల్చుకుందాం, మిగతావి దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

"రోజూ తెల్లవారుజామున 5 గంటలకు ప్రార్థన" అని నియమం పెట్టుకుంటే షిఫ్టు మనిషికి అది రెండో వారం దాటదు. 5 గంటలంటే ఏ షిఫ్టులో బస్సు అందుకునే వేళ, బి షిఫ్టులో మంచి నిద్రలో ఉండే వేళ, సి షిఫ్టులో డ్యూటీ చివరి గంట. ద్వితీయోపదేశకాండము 6:5 నీ పూర్ణ హృదయముతో దేవుణ్ణి ప్రేమించమంటుంది కదా, ఆ వెంటనే 7వ వచనం చూడండి. ఇంట కూర్చున్నప్పుడు, త్రోవలో నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు అని ఉంది. గంటలు చెప్పలేదు, రోజులో ఎవరికైనా తప్పకుండా వచ్చే సందర్భాలు చెప్పింది. మీరూ అలాగే ప్రార్థనను నిద్ర లేవడానికి ముడిపెట్టండి. ఎప్పుడు లేచినా సరే, ముఖం కడుక్కున్నాక, ఫోన్ తెరవకముందు. ఈ వరస మారకపోతే షిఫ్టు మారినా అలవాటు తెగదు.

ఏ షిఫ్టు వారంలో 4:15కి లేస్తే పావుగంట చాలు. ఒక కీర్తన, దాని మీద ఒక ప్రార్థన. ఆ వేళ మూడు అధ్యాయాలు పెట్టుకుంటే కళ్లు అక్షరాల మీద పరుగెడతాయి, ఏదీ నిలవదు. కుటుంబ ప్రార్థన రాత్రి 7:30కి పెట్టుకోండి, ఆ వారం అందరూ ఇంట్లోనే ఉంటారు. బి షిఫ్టు వారం మీకు దొరికే అసలైన అవకాశం. పిల్లలు, భార్య బడికి వెళ్లాక అమ్మగారికి టిఫిన్ పెట్టి కూర్చుంటే 10 నుంచి 11 వరకు అడిగేవాళ్లు ఉండరు. లోతుగా చదవడం, నోట్సు రాసుకోవడం, పేరుపేరునా విజ్ఞాపన చేయడం ఆ వారానికి అట్టిపెట్టుకోండి. ఆ వారం కుటుంబ ప్రార్థన ఉదయం 7:15కి పది నిమిషాలు.

సి షిఫ్టు వారంలోనే చాలామంది దెబ్బతింటారు. ఏడింటికి ఇల్లు చేరి, భక్తిగా గంట ప్రార్థన పెట్టుకుంటారు. రాత్రంతా మేలుకున్న శరీరం ఆ వేళ వాలిపోతుంది, మోకాళ్ల మీదే నిద్రపోతారు, లేచాక దేవుణ్ణి అగౌరవపరిచానని రోజంతా కుమిలిపోతారు. అలా నాలుగు రోజులయ్యాక ప్రార్థనే మానేస్తారు. ఇంటికి రాగానే నాలుగు వచనాలు చదివి పడుకోండి. కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టి 2:30 దాకా నిద్రపోండి. లేచి స్నానం చేశాక అరగంట కూర్చుంటే ఆ అరగంట దేవునికి నిజంగా ఇచ్చినట్టు. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద చావు కోరుకున్న రోజు (1 రాజులు 19) దూత అతనికి ప్రసంగం చేయలేదు. లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి పెట్టాడు. కొండ మీద దేవుడు మాట్లాడింది ఆ తరువాతే.

చదవడానికి కొలత: కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి ఐదు చొప్పున 52 వారాలకు సరిగ్గా సరిపోతాయి, వారంలో రెండు రోజులు ఖాళీగా ఉంటాయి. షిఫ్టు మారే రోజుల్ని ఆ ఖాళీలో పడనివ్వండి. ఏడాదిలో బైబిలంతా అని పెట్టుకుంటే 1,189 అధ్యాయాలు, రోజుకు మూడు దాటతాయి. మూడు రోజులు తప్పాయంటే పది అధ్యాయాల బాకీ. ఆ బాకీయే లేవీయకాండం దగ్గర పుస్తకం మూయించేస్తుంది. నైట్ వారాలకు 119వ కీర్తన చక్కగా కుదురుతుంది. 176 వచనాలు, ఆలెఫ్, బేత్, గీమెల్ అని హెబ్రీ అక్షరాల పేర్లతో ఎనిమిదేసి వచనాల భాగాలు 22. రోజుకో భాగం.

ఇది పుస్తకంలోనే చదవండి, ఫోన్లో వద్దు. ఫోన్ తెరిస్తే ముందు డ్యూటీ గ్రూపు మెసేజీలే కనబడతాయి. మన విశాఖలో ఉన్నవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్, క్రీస్తును నమ్ముకున్న ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సాయంతో సువార్తల్ని తెలుగు చేశారు. క్రాన్ 1809లో, దెగ్రాంజ్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. చేసినవాళ్లిద్దరూ ఆ పుస్తకం చూడలేదు. అలా చేతికొచ్చిన వాక్యాన్ని వాట్సాప్‌లో వచ్చే రోజుకో వచనం బొమ్మతో సరిపెట్టుకోవద్దని నా మనవి.

చివరిగా ఆదివారం. శనివారం రాత్రి సి షిఫ్టు చేసి 10 గంటల ఆరాధనకు వెళ్తే నిద్ర రాకుండా ఎలా ఉంటుంది? త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే ఐతుకు అనే యౌవనస్థుడు నిద్రలో తూలి మూడో అంతస్తు నుంచి పడిపోయాడు (అపొ. కార్య. 20:9). పౌలు అతణ్ణి మందలించలేదు, కౌగిలించుకున్నాడు. ఉదయం 6:30కో 7కో మొదటి ఆరాధన పెట్టే సంఘాలున్నాయి, సాయంత్రం ఆరాధన పెట్టేవీ ఉన్నాయి. డ్యూటీ దిగి నేరుగా మొదటి ఆరాధనకు వెళ్లండి, లేదా నిద్రపోయి సాయంత్రం వెళ్లండి. మధ్యలో రెండు గంటలు కునికి పదింటికి పరుగెత్తడమే అన్నిటికంటే చెడ్డ మార్గం. నైట్ దిగాక జాతీయ రహదారి మీద బైక్ వద్దు, బస్సెక్కండి.

జ్ఞానాపురం విశ్వాసి:

పెద్దన్న గారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. కతోలిక సంఘంలో శనివారం సాయంత్రం పూజలో పాల్గొన్నా ఆదివారపు బాధ్యత తీరినట్టే, ఇది సంఘ ధర్మశాస్త్రంలో ఉన్న నియమం. ఆదివారం ఉదయం 'ఏ' షిఫ్టు పడేవాళ్లకు ఇది చాలా ఉపయోగం. మిగతా సంఘాలవాళ్లు తమ పాస్టర్ గారితో మాట్లాడి వారం మధ్యలో ఏ కూడికను తమ ఆరాధనగా భావించవచ్చో ముందే తేల్చుకుంటే మంచిది.

కంచరపాలెం కాయిర్:

బ్రదర్, ఆరాధనలో మనసు నిలవకపోవడానికి సగం కారణం శనివారం రాత్రిలో ఉంటుంది. ఆదివారం ఉదయం ఇస్త్రీ, పిల్లల బెల్టు వెతుకులాట, కానుకకు చిల్లర, ఆటో బేరం, ఇవన్నీ అయ్యి మొదటి పాట మధ్యలో లోపలికొస్తే తలలో ఇంకా అవే తిరుగుతుంటాయి. శనివారం రాత్రి 9 లోపు బట్టలు తీసిపెట్టండి, కానుక కవరులో పెట్టి బైబిల్లో ఉంచండి, మర్నాటి వాక్యభాగం ఏదో పాస్టర్ గారిని అడిగి ఇంట్లో ఒకసారి పైకి చదవండి. ఎవరితోనైనా మాట పట్టింపు ఉంటే ఆ రాత్రే ఫోన్ చేయండి. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5:23-24లో ప్రభువు చెప్పాడు. తోటి మనిషి మీద గుర్రుతో పాడే పాట మొదటి చరణం దాటకముందే చప్పబడిపోతుంది.

లోపల కూర్చునేది ముందు మూడు నాలుగు వరసల్లో. వెనక కూర్చుంటే వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ కనబడుతూనే ఉంటారు. జేబులో చిన్న కాగితం, పెన్ను ఉంచుకోండి. "సోమవారం గ్యాస్ బుక్ చేయాలి" లాంటిది గుర్తొస్తే రాసేసి మళ్లీ పాటలోకి రండి. దాన్ని అణచాలని చూస్తే ఇంకా ఎక్కువ పీడిస్తుంది. పాటలో ఒక్క పంక్తి ఎంచుకుని దాన్ని మీ ప్రార్థనగా తిప్పుకోండి. "నీవే నా ఆధారం" అన్నట్టు ఏదైనా వస్తే, ఈ వారం దేని మీద ఆధారపడ్డానో ఆ పేరు పెట్టి దేవునితో చెప్పుకోవాలి. పెదవులతో ఘనపరచి హృదయం దూరంగా ఉంచుకోవడం అని యెషయా 29:13 అన్నది సరిగ్గా ఈ ఖాళీ గురించే.

కాయిర్లో ఉన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. సంఘం మనసు పెట్టి పాడకపోవడానికి చాలాసార్లు పాట నడిపేవాళ్లే కారణం. గాయకుడి గొంతుకు నప్పే స్కేలు సంఘానికి నప్పదు. మగా ఆడా కలిసి పాడేటప్పుడు పల్లవి ఎత్తు పై స్థాయి డి స్వరం దగ్గర ఆగాలి. ఎఫ్ దాకా తీసుకెళ్తే పెద్దవాళ్లు నోరు మూసుకుంటారు, కుర్రాళ్లు చూస్తూ నిలబడతారు. ప్రాక్టీసులో కీబోర్డు మీద పాటలోని అతి పై స్వరం వెతికి, అది డి దాటితే, డికి వచ్చేదాకా స్కేలు దించండి. కొత్త పాట నెలకొకటి మించకూడదు, అదే పాట వరసగా మూడు ఆదివారాలు పాడించాలి. ప్రతి ఆరాధనలో పాత కీర్తన ఒకటైనా ఉండాలి, కళ్లజోడు మరచిన ముసలమ్మ కూడా పుస్తకం లేకుండా పాడగలిగేది.

సౌండ్ సంగతి. హాలు మధ్యలో నిలబడి ఫోన్లో శబ్దం కొలిచే యాప్ చూడండి, 85 డెసిబెల్స్ దాటకూడదు. యాప్ లేకపోతే పక్కన నిలబడ్డ మనిషి పాడేది వినబడుతోందా అన్నదే పరీక్ష. వినబడకపోతే తగ్గించాలి, ఎందుకంటే ఎవరి గొంతు వాళ్లకు వినబడకపోతే మనుషులు పాడటం ఆపేస్తారు. మైకులో ఎకో ఎక్కువైతే వాక్యం ఒక పదం మీద ఇంకో పదం పడి అర్థం కాదు. ప్రసంగానికి ఎకో పూర్తిగా తీసేయాలి. కుయ్యిమని ఈల వస్తుందంటే స్పీకరు శబ్దం తిరిగి మైకులోకి దూరుతోందని. స్పీకర్లు మైకుల కంటే ముందుకు, సంఘం వైపు తిరిగి ఉండాలి. మన సముద్రపు గాలికి డోలక్ తోలు తేమ పీల్చి వదులవుతుంది, శ్రుతి దిగిపోతుంది. వానాకాలంలో ఇంకా ఎక్కువ. ఆరాధనకు అరగంట ముందే తెచ్చి ఫ్యాను కింద పెట్టి శ్రుతి చేసుకోవాలి. పాపపు ఒప్పుకోలు ప్రార్థన జరుగుతుంటే తాళ్లు బిగించకూడదు. గిటార్ తీగలు పాట అయిపోగానే పొడిగుడ్డతో తుడవకపోతే నెలలో తుప్పు పడతాయి.

ఒక్క విన్నపం. పాటకూ పాటకూ మధ్య రెండు నిమిషాలు కీబోర్డు ఆపి నిశ్శబ్దంగా ఉండనివ్వండి. నైట్ చేసి వచ్చిన మనిషికి దేవునితో తన మాట చెప్పుకునే చోటు అదొక్కటే.

మద్దిలపాలెం కోశాధికారి:

దశమ భాగం గురించి అడిగారు. పాత నిబంధనలో దశమ భాగం పంట, ద్రాక్షారసం, నూనె, మంద మీద (లేవీ. 27:30-32, ద్వితీ. 14:22-23). జీతం చీటీ మీద గీత ఎక్కడ గీయాలో వాక్యం చెప్పలేదు. నిజాయితీగా రెండు పద్ధతులు ఉన్నాయి. మొత్తం జీతం మీద ఇస్తే, రిటైరయ్యాక పీఎఫ్‌లో మీ జీతం నుంచి కోసిన డబ్బు చేతికొచ్చినప్పుడు దాని మీద మళ్లీ తీయనక్కర్లేదు. చేతికొచ్చేదాని మీద ఇస్తే, పీఎఫ్ వచ్చిన రోజు అందులోంచీ తీయాలి. ఉదాహరణకు మొత్తం 60,000, కోతలు పోగా 48,000 అయితే ఒక పద్ధతిలో 6,000, ఇంకో పద్ధతిలో 4,800. ఏదో ఒకటి ఎంచుకుని దాని మీదే నిలబడండి. ఏ నెల ఏది తక్కువైతే అది అన్న లెక్క మాత్రం పనికిరాదు. ఇంటి లోను కిస్తీ కోతల్లోకి రాదు. అది మన ఖర్చు, మన ఆస్తి కోసం కడుతున్నాం.

వరస ముఖ్యం. జీతం పడిన రోజునే వేరే ఖాతాలోకి మళ్లేలా బ్యాంకులో ఆదేశం పెట్టేయండి. నెలాఖరుకు మిగిలింది ఇవ్వడం ప్రథమ ఫలం ఎలా అవుతుంది (సామెతలు 3:9)? గుడ్డి పశువునూ కుంటి పశువునూ తెచ్చి బలిగా అర్పిస్తున్నారని మలాకీ 1:8లో దేవుడు అడిగింది ఇలాంటి మిగులు అర్పణ గురించే. ఇప్పటికిప్పుడు పదో వంతు కుదరకపోతే, ఐదు శాతంతో మొదలుపెట్టి ప్రతి ఇంక్రిమెంటుకు ఒక శాతం పెంచండి. కలిమి కొలది ఇచ్చినది ప్రీతికరమని 2 కొరింథీ 8:12 చెబుతోంది. నెలకు మూడు శాతం పైన వడ్డీ పడే క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ముందు దాని గొంతు నులమండి. అప్పు చేసి ఇచ్చే కానుకలో రేపు అప్పులవాడికి చెప్పే అబద్ధం కూడా కలిసి ఉంటుంది.

అమ్మగారి మందుల డబ్బు కోసి కవరులో పెట్టడం వాక్యం ఒప్పుకోదు. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని కొర్బాను, అంటే దేవార్పితం, అనేసి తప్పుకునేవాళ్లను యేసు మార్కు 7:9-13లో గట్టిగా ఖండించాడు. స్వకీయుల్ని సంరక్షించనివాడు విశ్వాసత్యాగం చేసినవాడని 1 తిమోతి 5:8. అమ్మగారి ఖర్చు మీ మీద ఉన్న బాధ్యతగా ముందే బడ్జెట్లో రాసి, మిగతా ఖర్చుల్లో, అంటే కొత్త ఫోన్, బయట భోజనాలు వంటి వాటిలో కోసుకోండి. మూడో ఏటి దశమ భాగం లేవీయులతో పాటు పరదేశులు, తండ్రిలేనివాళ్లు, విధవరాండ్రు తిని తృప్తిపడటానికని ద్వితీ. 14:28-29లో ఉంది కాబట్టి, ఇచ్చేదాంట్లో ఒక భాగం నేరుగా పేదల చేతికి వెళ్లేలా చూసుకోవచ్చు.

"పది వేస్తే వంద వస్తుంది" అని ఎవరైనా వేదిక మీద చెబితే నమ్మి అప్పు చేయకండి. ఏడాదికోసారి జమాఖర్చులు సంఘం ముందు చదవమని అడగడం విశ్వాసుల హక్కు. పన్ను మినహాయింపు గురించి కూడా అడుగుతుంటారు. 80జీ నమోదు ఉన్న సంస్థకు ఇస్తేనే, పాత పన్ను విధానంలోనే వస్తుంది. నగదు 2,000 దాటితే రాదు. మీ సంఘానికి ఆ నమోదు ఉందో లేదో రసీదు మీద చూసుకోండి. లేకపోతే మినహాయింపు ఆశించకుండా ఇవ్వాల్సిందే.

మర్రిపాలెం అక్క:

తమ్ముడూ, కూడికల గురించి ఎవరూ ముట్టుకోలేదు, అందుకని చెబుతున్నాను. దేవుడు మొదట అంటే సంఘ కార్యక్రమాల పట్టిక మొదట అని కాదు. తన ఇంటివారిని ఏలనేరనివాడు దేవుని సంఘాన్ని ఎలా పాలిస్తాడని పౌలు సంఘ పెద్దల గురించే రాశాడు (1 తిమోతి 3:5). పాత నిబంధన ఆరాధన చూడండి. కృతజ్ఞతగా అర్పించే సమాధాన బలి మాంసం అర్పించిన రోజునే తినేయాలి (లేవీ. 7:15), అదీ ఇంటివారితో కలిసి దేవుని సన్నిధిని సంతోషంగా (ద్వితీ. 12:7). ఇంటిని బయట వదిలేసి చేసే ఆరాధన దేవుడు అడిగింది కాదు.

రోస్టర్ (డ్యూటీల పట్టిక) వచ్చిన రోజున మీరూ మీ ఆవిడా క్యాలెండర్ ముందు కూర్చోండి. మొదట నాలుగు ఆదివారాల ఆరాధన వేళలు రాయండి. తరువాత వారంలో ఒక సాయంత్రం పూర్తిగా ఇంటికి, కూడికలూ ఓటీలూ (అదనపు డ్యూటీలు) లేనిది. మిగిలిన దాంట్లో ఒక్క మధ్యవారం కూడిక, ఒక్క సేవ. బైబిల్ స్టడీ ఉంచుకోండి, అది మీకు ఆహారం. సేవ కాయిర్ అయితే బి షిఫ్టు శనివారం రాలేనని లీడర్‌కు నెల మొదట్లోనే చెప్పేయండి. పాస్టర్ గారితో మాట్లాడేటప్పుడు "వీలు చూసుకుంటాను" అనకండి, అది ఆయనకు ఆశ, మీకు భారం. "అయ్యగారూ, ఈ నెల మూడు బుధవారాలు వస్తాను, శుక్రవారాలు రాలేను, అమ్మ దగ్గర ఉండాలి" అని తేదీలతో చెప్పండి. చెప్పిన మూడు బుధవారాలూ తప్పకుండా వెళ్లండి.

ఉపవాసం సెలవు రోజున చేయండి. కొలిమి వేడిలో పనిచేసే రోజున నీళ్లు కూడా మానే ఉపవాసం అసలు వద్దు. చెమటలో నీరూ ఉప్పూ పోయి కళ్లు తిరిగితే మీకే కాదు, పక్కవాడికీ ప్రమాదం. షుగరు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా పూట మానకూడదు. ఉపవాసం చేసిన రోజు మిగిలిన భోజనం ఆకలిగొన్నవాడికి వెళ్తే యెషయా 58:7 నెరవేరినట్టు.

అమ్మగారిని వదిలి ఇద్దరూ ఒకేసారి వెళ్లలేకపోతే, ఒకరు ఏడింటి ఆరాధనకు, ఇంకొకరు పదింటికి. నెలకు ఒక ఆదివారం మాత్రం ఆవిడను చూసుకోవడానికి ఎవరినైనా పెట్టి భార్యాభర్తలు పిల్లలతో కలిసి కూర్చోండి. ఇంకొకటి. పక్షవాతంలో మాట పడిపోయినవాళ్లు కొందరు, మాట్లాడలేకపోయినా, చిన్నప్పటి నుంచి పాడిన పాటను మాటలతో సహా పాడగలుగుతారు. మాటా పాటా మెదడులో పూర్తిగా ఒకే దారిలో నడవవు. కుటుంబ ప్రార్థన అమ్మగారి మంచం పక్కనే పెట్టి, ఆవిడకు బాగా వచ్చిన పాత కీర్తన నెమ్మదిగా ఎత్తండి. పల్లవి సగంలో ఆపి ఆవిడ కోసం ఆగండి.

గాజువాక విశ్వాసి:

అందరికీ హృదయపూర్వక వందనాలు. మూడు సందేహాలు మిగిలాయి. ఆదివారం ఓటీకి రెట్టింపు డబ్బు, లోను త్వరగా తీరుతుందని ఆశ. పెద్దమ్మాయి ఇంటర్, కోచింగ్ పరీక్షలు ఆదివారం ఉదయమే పెడుతున్నారు. అమ్మ ప్రభు బల్ల (ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం) తీసుకోవాలని సైగ చేస్తోంది, మింగడం కష్టం. ఏం చేయమంటారు?

కూర్మన్నపాలెం పెద్దన్న:

రోస్టర్ వేసిన డ్యూటీ వేరు, అడిగి తీసుకునే ఓటీ వేరు. కొలిమి ఆదివారమని చల్లారదు, ఎవరో ఒకరు ఉండాలి. గుంటలో పడ్డ గొర్రెను విశ్రాంతిదినాన పైకి తీయరా అని ప్రభువే అడిగాడు (మత్తయి 12:11). ఓటీకి మాత్రం ముందే గీత గీసుకోండి. నెలకు ఒక ఆదివారం మించకూడదు, ప్రభు బల్ల ఆదివారం అసలు కాదు. ఫోన్ వచ్చినప్పుడు ఆలోచిద్దామంటే డబ్బే గెలుస్తుంది. పండుగల విషయంలో మన తోటి ఉద్యోగులతో మంచి ఒప్పందం కుదురుతుంది. దసరా, దీపావళి, సంక్రాంతి డ్యూటీలు మీరు అడిగి తీసుకోండి, క్రిస్మస్, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ వాళ్లను చేయమనండి. రోస్టర్ వేయకముందే, నెల ముందుగా, ఇద్దరి సంతకాలతో రాసివ్వాలి. వేశాక మార్చమంటే ఫోర్‌మన్ ఒప్పుకోడు.

అమ్మాయి విషయంలో వచ్చే ఏడాది ఫీజు కట్టకముందే ఆదివారం పరీక్ష ఏ పూటో అడగండి, మధ్యాహ్నం బ్యాచ్ ఉంటే అందులోనే చేర్చండి. ఈ ఏడాదికి ఏడింటి ఆరాధన, తరువాత పరీక్ష. పరీక్ష ఉన్న ఆదివారం ఆరాధన మానొచ్చని ఇంట్లో పెద్దవాళ్లే అంటే, తరువాత ఉద్యోగంలో చేరాక ఆ పిల్ల ఏది మానుకుంటుందో వేరే చెప్పాలా?

మర్రిపాలెం అక్క:

అమ్మగారి సంగతి. నీళ్లు తాగేటప్పుడు దగ్గు, పొలమారడం, తాగాక గొంతు తడితడిగా వినబడటం ఉంటే ముందు డాక్టర్ని అడగాలి. పలుచని రసం ఊపిరితిత్తుల వైపు జారితే న్యుమోనియా రావచ్చు. డాక్టర్ సరేనంటే రొట్టె శనగగింజంత తుంపి ద్రాక్షరసంలో పూర్తిగా నాననివ్వండి, రసం విడిగా గిన్నెతో పట్టకండి. వీపు వెనక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, పక్షవాతం లేని వైపు బుగ్గలో చెంచాతో పెట్టండి. మింగాక రెండో వైపు బుగ్గలో మిగిలిందేమో చూడండి, అటు స్పర్శ సరిగ్గా లేకపోతే ఆవిడకు తెలియదు. అరగంట దాకా పడుకోబెట్టకూడదు. ముక్కులో గొట్టం ఉంటే నోట ఏమీ పెట్టొద్దు, పాస్టర్ గారు ప్రార్థన చేసి రొట్టెను ఆవిడ చేతికి తాకించవచ్చేమో ఆయన్నే అడగండి.

ఆరాధన అయిన వెంటనే పెద్దలు బల్లతో ఇంటికి రావాలంటే శనివారం సాయంత్రం లోపే చెప్పాలి. ఆవిడ ఎక్కువసేపు కూర్చోలేరని, పది నిమిషాల్లో ముగించాలని, రొట్టె నానబెట్టేది మీరేనని కూడా ముందే చెప్పండి.